ట్రాన్స్‌మిటరు సంకేతము తప్పినపుడు దోషమును కనుగొను పద్ధతి

విశాఖపట్టణమునకు యంత్రములు క్రొత్త కావు. 1933లో ఓడరేవు తెరువబడినది. 1957లో చమురుశుద్ధి కర్మాగారము వెలసినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైనది. ఇట్టి కర్మాగారములలో కొలిమి వేడిని, గొట్టములలోని ఒత్తిడిని, ట్యాంకులలోని మట్టమును కొలిచి, దూరమున నున్న గదికి తెలియజేయు చిన్న సాధనములు వేలకొలది యుండును. వీటినే ట్రాన్స్‌మిటరులు అందురు.

ఈ సాధనములు నేడు పొలములకు కూడ వచ్చినవి. మన రాష్ట్రమున సూక్ష్మ సేద్య పథకము 2003లో మొదలైన పిదప బిందుసేద్యము విస్తరించినది. ఆనందపురము, పద్మనాభము, భీమిలి ప్రాంతములలో కూరగాయలు, పూలు పండించు రైతులలో కొందరు మోటారును దానంతట అదే నడచునట్లును, ఎరువును నీటితో కలిపి పారించునట్లును ఏర్పాటు చేసికొనుచున్నారు. అట్టి చోట్ల ట్యాంకు మట్టము, గొట్టములోని ఒత్తిడి, నేలలోని తేమ, ఎరువు నీటి గాఢత వీటినన్నిటిని ట్రాన్స్‌మిటరులే చెప్పును. అవి తప్పు చెప్పినచో మోటారు తప్పు చేయును. ఖాళీ ట్యాంకు నిండినట్లు కనిపించినచో పైరు ఎండిపోవును. నిండిన ట్యాంకు సగమే యున్నట్లు కనిపించినచో నీరు పొంగి, కరెంటు వృథా యగును. మరమ్మతు చేయువాడు పట్టణము నుండి వచ్చుసరికి రెండు మూడు దినములు గడచును. ఎండాకాలమున బంతి, టమాట తోటలకు అది చాల ఎక్కువ కాలము. కాబట్టి దోషము ఎచ్చట నున్నదో రైతు స్వయముగా గుర్తించు పద్ధతిని ఈ వ్యాసమున వివరించుచున్నాము.

ట్రాన్స్‌మిటరు పని చేయు తీరు

ట్రాన్స్‌మిటరులో రెండు భాగములు గలవు. ఒకటి నీటి ఒత్తిడినో, వేడినో, తేమనో గ్రహించునది. రెండవది ఆ గ్రహించిన దానిని విద్యుత్ ప్రవాహముగా మార్చి తీగ మీద పంపునది. ఈ ప్రవాహము చాల స్వల్పము. కొలత సున్న యున్నపుడు 4 మిల్లీ ఆంపియర్లు, కొలత పూర్తిగా నున్నపుడు 20 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. మధ్యనున్న కొలతలన్నియు ఈ రెంటి మధ్యనే వచ్చును. సగము కొలతకు 12 మిల్లీ ఆంపియర్లు.

సున్న కొలతకు ప్రవాహము కూడ సున్నయే ఏల కాకూడదు? అట్లైనచో ట్యాంకు ఖాళీ అయినదో, తీగ తెగినదో తెలియదు. సున్నకు 4 అని నియమించుటచే, తీగ తెగిన వెంటనే ప్రవాహము 4 కంటె దిగువకు పడిపోయి దోషము బయటపడును. కర్మాగారములలో పూర్వము విద్యుత్తుకు బదులు గాలి ఒత్తిడితో సంకేతము పంపెడివారు. అప్పుడు కూడ సున్నకు 3 పౌండ్లు, నిండుకు 15 పౌండ్లు అని పెట్టుకొనుటకు కారణము ఇదియే.

లెక్క సులభము. ప్రవాహములో నుండి 4 తీసివేసి, 16 చేత భాగించి, పూర్తి కొలతతో హెచ్చింపవలెను. ఉదాహరణకు 3 మీటర్ల ట్యాంకునకు 10.4 మిల్లీ ఆంపియర్లు వచ్చుచున్నవి. 10.4 నుండి 4 తీసివేయగా 6.4. దానిని 16 చేత భాగించగా 0.4. 3 మీటర్లతో హెచ్చింపగా 1.2 మీటర్లు. ట్యాంకులో నిజముగా నున్న మట్టము 1.2 మీటర్లయినచో ట్రాన్స్‌మిటరు సరిగా నున్నట్లే. గదిలోని మీటరు వేరొక అంకె చూపుచున్నచో తప్పు మీటరులో నున్నది. ఈ ఒక్క లెక్క వచ్చిన రైతు సగము మరమ్మతు నేర్చినట్లే.

పనికి పూనుకొనుటకు ముందు

మొదట మోటారును స్వయంచాలక పద్ధతి నుండి తప్పించి, చేతితో నడపు పద్ధతికి మార్చవలెను. ఇది మరువరాదు. ట్రాన్స్‌మిటరు తీగ విప్పినంతనే సంకేతము సున్నకు పడును. యంత్రము ట్యాంకు ఖాళీ అయినదని భావించి మోటారును వెంటనే నడపవచ్చును. ఆ సమయమున గొట్టము విప్పి యున్నను, మనుష్యుడు పంపు దగ్గర నున్నను ప్రమాదము.

రెండవది, సంకేతపు తీగలలో నుండునది 24 వోల్టులే కాని, అదే పెట్టెలో మోటారుకు పోవు 415 వోల్టుల తీగలు కూడ నుండవచ్చును. మెయిన్ స్విచ్చి కట్టివేసి, మీటరుకు మాత్రము వేరుగా కరెంటు వచ్చు ఏర్పాటున్నచోటనే పరీక్షింపవలెను. అట్టి ఏర్పాటు లేనిచో పెట్టె లోపల చేయి పెట్టక, ఎలక్ట్రీషియనును పిలువవలెను. తడి చేతులతోను, తడి నేలపై వట్టి కాళ్ళతోను ఈ పని చేయరాదు.

కావలసిన పనిముట్లు కొద్దివే: ఒక మల్టీమీటరు, చిన్న స్క్రూడ్రైవరు, ట్యాంకు కొలుచుటకు గీతలు పెట్టిన కర్ర, నమ్మదగిన ప్రెషర్ గేజి ఒకటి, 1800 ఓముల అర వాట్ రెసిస్టరు ఒకటి. ఈ రెసిస్టరు ఉపయోగము ముందు తెలియగలదు.

మొదట నిజమును కొలువవలెను

చాలమంది మీటరు అంకె వింతగా కనిపించగానే ట్రాన్స్‌మిటరును మార్చి వేయుదురు. క్రొత్తది బిగించిన తరువాత కూడ అదే అంకె వచ్చును. ఎందుకనగా కొన్నిసార్లు మీటరు చెప్పినదే నిజము. గొట్టములో ఒత్తిడి తక్కువ యని మీటరు చూపినచో, ముందు ఫిల్టరు నిండా మట్టి పట్టినదేమో, ఎక్కడైనను లాటరల్ పైపు ఊడినదేమో చూడవలెను. ట్యాంకులో కర్ర ముంచి మట్టము కొలువవలెను. గొట్టమునకు చేతి గేజి తగిలించి ఒత్తిడి చూడవలెను. నేల తేమ విషయమున చిన్న గుంట త్రవ్వి మట్టిని పిడికిట పట్టి చూడవలెను. చేతి కొలతకును మీటరు కొలతకును నిజముగా భేదమున్నదని తేలిన పిదపనే సాధనమును అనుమానింపవలెను.

లక్షణమును బట్టి దోషము

పైరుకు తెగులు వచ్చినపుడు ఆకు మీది మచ్చను బట్టి తెగులు పోల్చుకొనునట్లే, సంకేతము తప్పిన తీరును బట్టి దోషమును పోల్చుకొనవచ్చును.

1. సంకేతము పూర్తిగా లేకపోవుట. మీటరు సున్నకు దిగువను, కొన్ని మీటర్లలో పూర్తి కొలతలో నాలుగవ వంతు తక్కువగాను చూపును. 3 మీటర్ల ట్యాంకునకు మైనస్ 0.75 అని కనిపించినచో ప్రవాహము సున్న అయినదని గ్రహింపవలెను. తీగ తెగుట, ఎలుకలు కొరుకుట, ఫ్యూజు పోవుట, స్క్రూ వదులగుట, ధన ఋణ తీగలు తారుమారగుట దీనికి కారణములు. మొదట ట్రాన్స్‌మిటరు దగ్గర వోల్టేజి కొలువవలెను. అచ్చట 24కు దగ్గరగా వోల్టులున్నచో తీగ బాగున్నది, ట్రాన్స్‌మిటరు చెడినది లేక తీగలు తారుమారైనవి. వోల్టేజి లేనిచో తీగ వెంట వెనుకకు పోయి, ప్రతి జంక్షన్ పెట్టె వద్ద కొలిచి చూడవలెను. ఎచ్చట వోల్టేజి కనిపించునో, దానికి తరువాతి ముక్కలోనే దోషమున్నది.

2. ప్రవాహము హద్దు దాటుట. సాధారణముగా ప్రవాహము 3.8 నుండి 20.5 వరకు ఉండును. అనేక ట్రాన్స్‌మిటరులు తమ లోపలి గ్రాహకము చెడినదని తెలిసినపుడు కావలెననియే 3.6 కంటె దిగువకో, 21 కంటె పైకో పోవును. ఇది సాధనము పెట్టు కేక. అప్పుడు మరమ్మతు పొలములో కాదు, ట్రాన్స్‌మిటరునే మార్చవలెను. కాని మార్చుటకు ముందు జంక్షన్ పెట్టె విప్పి చూడవలెను. పెట్టెలో నీరు చేరినచో రెండు తీగల మధ్య కరెంటు కారి, ట్రాన్స్‌మిటరు పంపిన దానికి తోడగును. అప్పుడు మీటరు నిజము కంటె ఎక్కువ చూపును. ట్యాంకు అడుగంటినను మోటారు కదలదు. పెట్టె తుడిచి, ఆరబెట్టి, గ్లాండు బిగించినచో సరిపోవును.

3. కొంతవరకు సరిగా పెరిగి ఆగిపోవుట. దిగువ కొలతలలో మీటరు నిజమే చెప్పును. పైకి పోయినకొలది ఒక అంకె వద్ద నిలిచిపోవును. ఇది సప్లై వోల్టేజి చాలకపోవుట. ఒక లెక్క చూడుడు. సప్లై 24 వోల్టుల నుండి 15కు పడిపోయినది. ట్రాన్స్‌మిటరు పని చేయుటకు కనీసము 12 వోల్టులు కావలెను. మిగిలినవి 3 వోల్టులు. మీటరు లోపల 250 ఓముల నిరోధమున్నది. 3 వోల్టులు 250 ఓముల గుండ 12 మిల్లీ ఆంపియర్లనే పంపగలవు. అనగా 3 మీటర్ల ట్యాంకు నిండినను మీటరు 1.5 మీటర్ల వద్దనే నిలుచును. మోటారు 2.8 మీటర్ల వద్ద ఆగవలెనని పెట్టి యున్నచో అది ఎన్నటికిని ఆగదు. కాబట్టి సప్లైని ట్యాంకు నిండియున్నపుడు, ప్రవాహము ఎక్కువగా నున్న సమయమున కొలువవలెను. ఖాళీగా నున్నపుడు కొలిచినచో దోషము కనిపించదు.

4. అంకె కదలకుండుట. దీనిని అన్నిటికంటె ప్రమాదకరమైనదిగా ఎంచవలెను, ఏలయనగా చూచుటకు అంతయు సక్రమముగనే యుండును. ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డు అను చోట 2005 డిసెంబరు 11న ఒక పెట్రోలు ట్యాంకు నింపుచుండగా, మట్టము చూపు గేజి మధ్యలోనే నిలిచిపోయినది. పెట్రోలు పెరుగుచునే యున్నది, అంకె మాత్రము మారలేదు. ఎక్కువ మట్టము వచ్చినపుడు ఆపవలసిన రెండవ సాధనము కూడ పని చేయలేదు. ట్యాంకు పొంగి, ఆవిరి అంటుకొని, గొప్ప ప్రేలుడు జరిగినది. మన పొలములలో ట్రాన్స్‌మిటరుకు పోవు సన్నని గొట్టము మట్టితోను, ఎరువు తెట్టుతోను మూసికొనుట ఇందుకు సాధారణ కారణము. కాల్షియం నైట్రేటును సల్ఫేటు ఎరువులతోను, భాస్వరపు ఎరువులతోను ఒకే ట్యాంకులో కలిపినచో తెల్లని మడ్డి ఏర్పడి రంధ్రములను మూసివేయును. కవాటము మూసి తెరచుట మరచినను, పరీక్షకై స్థిరమైన అంకె పెట్టి తీయుట మరచినను ఇదే లక్షణము. పంపు నడచుచున్నపుడు అంకె గంటసేపు ఒక్క చుక్కయైనను మారనిచో అనుమానింపవలెను. పంపు ఆపి, చిన్న కవాటము మూసి, ట్రాన్స్‌మిటరు వైపు ఒత్తిడిని మెల్లగా వదలి చూడవలెను. అంకె సున్నకు రావలెను.

5. అంకె ఎగిరెగిరి పడుట. మోటారు నడచునపుడే ఎగురుచు, ఆగగానే స్థిరపడినచో రెండు కారణములుండును. మొదటిది, గొట్టములో గాలి చేరుట, లేక పంపు ఒత్తిడి నిజముగనే ఊగుట. చేతి గేజి ముల్లు కూడ ఊగుచున్నచో ఇది నిజము. రెండవది, సంకేతపు తీగను మోటారు తీగతో కలిపి ఒకే గొట్టములో వేయుట. మోటారు వేగమును మార్చు డ్రైవు ఉన్నచోట ఈ బాధ మరింత ఎక్కువ. రెండు తీగలకు కనీసము ఒక అడుగు ఎడముంచవలెను. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటించవలెను. సంకేతపు తీగ మీది లోహపు తొడుగును ఒకే చివర భూమికి కలుపవలెను. రెండు చివరల కలిపినచో ఆ తొడుగు గుండ భూమి కరెంటు ప్రవహించి సంకేతమును చెరచును. మోటారుతో సంబంధము లేక ఎగిరినచో వదులైన స్క్రూలను వెదకవలెను.

6. ఎల్లప్పుడు తప్పు చూపుట. నాలుగు కొలతలు తీసికొని వ్రాయవలెను. చేతి గేజి 0, 1, 2, 3 కిలోలు చూపునపుడు మీటరు 0.3, 1.3, 2.3, 3.3 చూపినచో భేదము అంతట ఒక్కటే. ఇది సున్న జరిగిన దోషము. సున్నను సరిచేసినచో చాలును. ట్రాన్స్‌మిటరును గొట్టము కంటె 3 మీటర్లు దిగువన బిగించినను ఇట్టి తేడాయే వచ్చును, ఏలయనగా 10 మీటర్ల నీటి ఎత్తు ఒక కిలో ఒత్తిడితో సమానము. అట్లు గాక మీటరు 0, 0.6, 1.2, 1.8 చూపినచో సున్న సరిగనే యున్నది, మిగిలిన వన్నియు ఒకే నిష్పత్తిలో తగ్గినవి. 10 కిలోల ట్రాన్స్‌మిటరు బిగించి, మీటరులో 6 కిలోలు అని పెట్టినచో సరిగా ఇట్లే వచ్చును. సాధనము చెడలేదు. మీటరులో అంకె మార్చిన చాలును.

దోషము ఏ వైపున నున్నది

పై లక్షణములతో తేలనిచో, దారిని రెండుగా విడదీసి చూడవలెను. రెండు తీగల ట్రాన్స్‌మిటరులకు మాత్రమే ఈ పరీక్ష వర్తించును. ట్రాన్స్‌మిటరు వద్ద రెండు తీగలు విప్పి, వాని మధ్య 1800 ఓముల రెసిస్టరు కలుపవలెను. మీటరులోని 250 ఓములతో కలిసి మొత్తము 2050 ఓములగును. 24 వోల్టులు దీని గుండ సుమారు 11.7 మిల్లీ ఆంపియర్లు పంపును. మీటరు పూర్తి కొలతలో సుమారు 48 వంతులు, అనగా 3 మీటర్ల ట్యాంకునకు దాదాపు 1.44 మీటర్లు చూపవలెను. అట్లు చూపినచో తీగ, సప్లై, మీటరు మూడును బాగున్నవి. దోషము ట్రాన్స్‌మిటరులోనో, దానికి నీరు తెచ్చు గొట్టములోనో కలదు. అట్లు చూపనిచో ట్రాన్స్‌మిటరును నిందింపరాదు.

ప్రవాహమును కొలుచునపుడు మల్టీమీటరును తీగ మధ్యలో వరుసగా కలుపవలెను. తీగ విప్పుటకు ఇష్టము లేనిచో 250 ఓముల నిరోధము రెండు చివరల వోల్టేజి కొలువవచ్చును. 4 మిల్లీ ఆంపియర్లకు 1 వోల్టు, 12కు 3 వోల్టులు, 20కి 5 వోల్టులు వచ్చును. ప్రవాహము కొలిచిన పిదప మల్టీమీటరు తీగను తిరిగి వోల్టు రంధ్రమునకు మార్చవలెను. మార్చక సప్లైకి తగిలించినచో ఫ్యూజు కాలిపోవును.

సంకేతము సరియైనది, చోటు సరి కానిది

సాధనము నిజము చెప్పినను మనము మోసపోవు సందర్భము ఒకటి గలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణము శివారున ఆర్.ఆర్. వెంకటాపురము చెంత ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, 12 మంది మరణించిరి. పశువులు కూడ చనిపోయినవి. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము చెప్పిన కారణములు పెక్కు. వానిలో ఒకటి మన విషయమునకు చెందినది. ట్యాంకులోని ఉష్ణోగ్రతను అడుగున మాత్రమే కొలుచుచుండిరి. మధ్యను, పైనను కొలుచు ఏర్పాటు లేదు. స్టైరీన్ వేడెక్కినకొలది తనంతట తాను గట్టిపడుచు, మరింత వేడిని పుట్టించును. అడుగున చల్లగా నున్నను పైపొర మరగుచుండవచ్చును. అడుగున నున్న సాధనము తన చోటి నిజమునే చెప్పగలదు.

పొలమున కూడ ఇదే సూత్రము. తేమ గ్రాహకమును సరిగా డ్రిప్పరు క్రిందనే పాతినచో అది ఎల్లప్పుడు తడి యనియే చెప్పును. వేళ్ళున్న చోట నేల ఎండియున్నను మోటారు కదలదు. కాబట్టి కూరగాయ తోటలలో డ్రిప్పరుకు 10 నుండి 15 సెంటీమీటర్ల ఎడముగా, ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, మరియొకటి 30 సెంటీమీటర్ల లోతున పెట్టుట మంచిది. ఇసుక నేలకును, బంక నేలకును ఒకే గ్రాహకమును నమ్మరాదు. మోటారును ఆపు పనిని ఒక్క సాధనమునకే అప్పగింపక, ట్యాంకు పైభాగమున ఒక సాధారణ ఫ్లోటు స్విచ్చి కూడ పెట్టవలెను. ఒకటి మోసగించినపుడు రెండవది కాపాడును.

సముద్రతీర రైతులకు ప్రత్యేక సూచనలు

సముద్రపు గాలిలోని ఉప్పు ఇత్తడి, రాగి కొనలను పచ్చగా చిలుము పట్టించును. ఏటా వర్షాకాలమునకు ముందును, తరువాతను జంక్షన్ పెట్టెలు విప్పి, కొనలను గీకి శుభ్రపరచి, వేసలీను పలుచగా పూసి బిగించవలెను. తీగను పెట్టె లోనికి పై నుండి గాక అడుగు నుండి తీసికొని రావలెను. లోనికి పోవుటకు ముందు తీగను క్రిందికి వంచి ఒంపు పెట్టినచో వాన నీరు ఒంపు వద్దనే కారిపోవును.

బావిలో ముంచు మట్టపు ట్రాన్స్‌మిటరు తీగ లోపల సన్నని గాలి గొట్టముండును. బయటి గాలి ఒత్తిడి దాని ద్వారా లోనికి చేరుటచే, నీటి బరువు మాత్రమే కొలువబడును. కొందరు తేమ పోవునని దాని కొనను టేపుతో మూసివేయుదురు. ఇది తప్పు. గాలి ఒత్తిడిలో ఒక మిల్లీబారు సుమారు ఒక సెంటీమీటరు నీటితో సమానము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరము దాటిన సంగతి అందరికి తెలిసినదే. తుపాను వేళ గాలి ఒత్తిడి 30 మిల్లీబార్లు తగ్గినచో, గొట్టము మూసియున్న ట్రాన్స్‌మిటరు బావి నీటిని 30 సెంటీమీటర్లు తక్కువగా చూపును. ఆ కొన తెరచియుండవలెను. దానికి తేమ పీల్చు గుళికల గొట్టము తగిలించి, గుళికల రంగు మారగానే మార్చవలెను.

పిడుగులు పడు ఋతువున సంకేతపు తీగలకు పిడుగు రక్షక సాధనము పెట్టి, దానిని మంచి ఎర్తుకు కలుపవలెను. ఉరుములు మొదలైనపుడు తీగల దగ్గర పని చేయరాదు.

ముఖ్యాంశములు

మీటరు అంకె వింతగా నున్నచో ముందు చేతితో నిజము కొలువవలెను. మోటారును చేతి పద్ధతికి మార్చిన పిదపనే తీగలు ముట్టవలెను. వోల్టేజి, ప్రవాహము, రెసిస్టరు పరీక్ష అను వరుసలో పోవలెను. వరుస తప్పినచో శ్రమ పెరుగును. తేమ, ఎరువు గాఢత, ఆమ్లత్వము కొలుచు గ్రాహకములను నెలకొకసారి శుభ్రపరచి, ఆమ్లత్వ గ్రాహకమును 4, 7 అంకెల ప్రమాణ ద్రావణములలో ముంచి సరిచూడవలెను.

సాధనము బాగున్న దినమున ట్యాంకు ఖాళీగాను, సగముగాను, నిండుగాను ఉన్నపుడు వచ్చిన ప్రవాహమును ఒక నోటు పుస్తకమున తేదీతో వ్రాసి, మోటారు గదిలో వ్రేలాడదీయవలెను. దోషము వచ్చిన దినమున ఈ మూడు అంకెలే అన్నిటికంటె ఎక్కువగా ఉపయోగపడును. ట్యాంకు ప్రక్కన గీతల కర్ర ఎల్లప్పుడు నుండవలెను. కరెంటు లేకున్నను, తీగ తెగినను, పిడుగు పడినను ఆ కర్ర నిజమునే చెప్పును.